వాల్తర్ పీపీకి ఏ మ్యాగజైన్ సరిపోతుంది: మూడు మార్చి చూశాక నా రివ్యూ

తొందరలో ఉన్నవాళ్ళ కోసం అసలు మాట ముందే చెప్పేస్తాను. మీ దగ్గర .32 బోర్ (7.65 ఎంఎం అన్నా అదే) వాల్తర్ పీపీ పిస్టల్ ఉంటే దానికి పీపీ మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలోకి దూర్చే రేకు గొట్టం) గానీ, పీపీకే/ఎస్ మ్యాగజైన్ గానీ తీసుకోండి, అదీ 7.65 అని ముద్ర ఉన్నదే. పీపీకే మ్యాగజైన్ మాత్రం వద్దు, ఎదుటివాళ్ళు ఎంత నమ్మకంగా చెప్పినా వద్దు. చివర "ఎస్" ఉందా లేదా అన్న ఒక్క అక్షరం దగ్గర నాకు పదకొండు వేలు పోయాయి, నాలుగు నెలల టైమ్ పోయింది. ఈ సంగతి తెలుగులో ఎవరైనా ముందే రాసి ఉంటే బాగుండేది అని అప్పుడు చాలాసార్లు అనుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పిస్టల్ మా నాన్నగారిది. 1978లో కొన్నారు. ఆనందపురం అవతల మాకు జీడితోట ఉండేది, వారం వారం కూలీల డబ్బు పట్టుకుని స్కూటర్ మీద చీకటి పడ్డాక వెళ్ళాల్సి వచ్చేది, ఒకసారి దారిలో ఆపి డబ్బు లాక్కున్నారు, ఆ తర్వాత లైసెన్స్‌కి పెట్టుకున్నారు. జర్మనీలోని ఉల్మ్‌లో తయారైన పీపీ అది, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే ఇనప భాగం) మీద వాల్తర్ కంపెనీ రిబ్బన్ ముద్ర ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. మేముండేది విశాఖపట్నంలో పెదవాల్తేరు కాబట్టి నాన్నగారి స్నేహితులు దాన్ని వాల్తేరు పిస్టల్ అనేవారు, చిన్నప్పుడు అది మన ఊళ్ళోనే తయారైందని నేను గట్టిగా నమ్మాను. నాన్నగారికి 70 దాటాక లైసెన్స్ నా పేరు మీదకి వచ్చింది. 2016 ఆయుధాల నియమాల్లో ఆ వీలుంది, లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, 25 ఏళ్ళుగా ఆయుధం ఆయన దగ్గరే ఉన్నా వారసుల పేరు మీదకి మార్చమని అడగొచ్చు. వయసైన నాన్నలున్న వాళ్ళు ఈ పని వాయిదా వెయ్యకండి.

మన దేశంలో ఈ పిస్టళ్ళ పరిస్థితి తెలిసిందే. 1980ల మధ్యలో మామూలు లైసెన్సుదారులకి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అంతకుముందు వచ్చినవే ఇప్పటికీ చేతులు మారుతున్నాయి, ధర లక్షల్లో పలుకుతోంది. పిస్టలే అంత అరుదైతే దానికి విడి మ్యాగజైన్ దొరకడం ఇంకా కష్టం. పిస్టల్ యాభై, అరవై ఏళ్ళు నిలుస్తుంది, మ్యాగజైన్ నిలవదు. పల్చటి రేకు, లోపల స్ప్రింగు. మనం ఉండేదేమో సముద్రం ఒడ్డు.

మాకు పిస్టల్‌తో పాటు రెండు మ్యాగజైన్లు వచ్చాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఇంటి పడమటి గది కిటికీలు ఫ్రేములతో సహా ఊడిపోయాయి, ఇనప బీరువా కింది సొరుగులోకి నీళ్ళు చేరాయి. పిస్టల్ పై లాకర్లో ఉంది కాబట్టి దానికేమీ కాలేదు. సొరుగులో ఉన్న మ్యాగజైన్ల మాట మాత్రం మాకు వారం దాకా గుర్తు రాలేదు, కరెంటు లేదు, నీళ్ళు లేవు, వీధి నిండా చెట్లు పడి ఉన్నాయి, అలాంటప్పుడు ఎవరికి గుర్తుంటుంది. తీసి చూసేసరికి ఒకటి పూర్తిగా తుప్పు పట్టి లోపల స్ప్రింగు అతుక్కుపోయింది. రెండోది తుడిచి, నూనె రాసి, ఇంకో పదేళ్ళు వాడుకున్నాం.

2024 ఎన్నికలకి ముందు లైసెన్సున్న అందరిలాగే పిస్టల్‌ని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. ఎన్నికలయ్యాక తెచ్చుకుని, పొద్దుటి వెలుతురులో బాల్కనీలో కూర్చుని శుభ్రం చేస్తుంటే కనిపించింది. మ్యాగజైన్ పైభాగాన తూటాని రెండు వైపులా పట్టి ఉంచే వంపు అంచులు ఉంటాయి కదా, అందులో కుడివైపు అంచు వెనక మూల దగ్గర వెంట్రుకంత గీత. గోటితో తాకితే గోరు పట్టింది. డమ్మీ రౌండ్ (పేలని ఉత్తుత్తి తూటా) ఒకటి పెట్టి బొటనవేలితో నొక్కితే గీత కాస్త తెరుచుకుంది, వేలు తియ్యగానే మూసుకుంది. అంటే రేకు పూర్తిగా పగిలినట్టే. ఆ అంచులే తూటా ఏ కోణంలో పైకి రావాలో నిర్ణయిస్తాయి, అవి ఒక వైపు సడలితే తూటా ముక్కు పైకి లేచి స్లైడ్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. మ్యాగజైన్ వాడటం ఆ రోజే మానేశాను.

ఇక వేట మొదలైంది. మన ఊళ్ళో అడిగిన చోట లేదన్నారు. వేరే జిల్లాలో లైసెన్సున్న ఒక డీలర్ దగ్గర ఉందని తెలిసి ఫోన్ చేశాను. పేరు రాయను, నా ఉద్దేశం ఆయన వ్యాపారం పాడుచెయ్యడం కాదు. "వాల్తర్ మ్యాగజైన్ ఉందండీ, 7.65, ఒరిజినల్ జర్మన్" అన్నారు. నాది పీపీ అండీ అన్నాను. "పీపీ, పీపీకే అన్నీ ఒకటేనండీ, ఒకే కంపెనీ, ఒకే తూటా" అన్నారు. లైసెన్స్ పుస్తకం పట్టుకుని రైల్లో వెళ్ళాను. పిస్టల్ వెంట తీసుకెళ్ళలేదు. నా లైసెన్స్ రాష్ట్రమంతటా చెల్లుతుంది, తీసుకెళ్ళొచ్చు, కానీ జనం మధ్య రైల్లో ఎందుకులే, టెన్షన్ అనుకున్నాను. నా పాత మ్యాగజైనైనా జేబులో పెట్టుకుని వెళ్ళి ఉంటే పక్కపక్కన పెట్టగానే తెలిసిపోయేది. కౌంటర్ మీద పెట్టిన మ్యాగజైన్ చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతోంది, అడుగున వేలు ఆనించుకోడానికి నల్లటి ప్లాస్టిక్ కొక్కెం, పక్కన 7.65 ముద్ర. పదకొండు వేలు ఇచ్చి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి పెట్టి చూస్తే పట్టడం లేదు. గొట్టం హాయిగా లోపలికి వెళ్తోంది, బిగుతు లేదు, రాపిడి లేదు, చివర్లో అడుగు పలక పిడి కింది అంచుకి టక్కున తగిలి ఆగిపోతోంది. క్లిక్ లేదు. చెయ్యి వదిలితే జారి ఒళ్ళో పడుతోంది. మొదట మ్యాగజైన్‌ని లోపల పట్టి ఉంచే బటన్ పాడైందనుకున్నాను, పాత మ్యాగజైన్ పెడితే చక్కగా పట్టుకుంది. రెండూ పక్కపక్కన టేబుల్ మీద నిలబెట్టాను. కొత్తది పొట్టి. బటన్ పళ్ళు పట్టుకునే గాడి రెండింటికీ పైనుంచి ఒకే దూరంలో ఉంది, ఆ గాడి దగ్గర్నుంచి అడుగు దాకా మాత్రం కొత్తదానిలో దాదాపు సెంటీమీటరు తక్కువ. అంటే ఆ గాడి బటన్ దాకా చేరాలంటే మ్యాగజైన్ ఇంకో సెంటీమీటరు పైకి వెళ్ళాలి, అడుగు పలక పిడి కన్నా వెడల్పు కాబట్టి వెళ్ళనివ్వదు. ఇంత చిన్న విషయం.

ఈ మోడళ్ళ వరుస తెలిస్తే తికమక ఉండదు. పీపీ 1929లో వచ్చింది. దాన్నే స్లైడూ బ్యారెలూ కురచ చేసి, పిడి కూడా కురచ చేసి 1931లో పీపీకే తెచ్చారు, బట్టల్లో కనపడకుండా పెట్టుకునేవాళ్ళ కోసం. .32లో పీపీ మ్యాగజైన్‌కి 8 తూటాలు, పీపీకేకి 7. ఆ తర్వాత 1968లో అమెరికాలో కొత్త తుపాకుల చట్టం వచ్చింది, దిగుమతి చేసుకునే చేతి తుపాకీకి కనీసం ఇంత ఎత్తు ఉండాలని 4 అంగుళాల లెక్క పెట్టారు, పీపీకే ఆ లెక్కకి ఇసుమంత తగ్గింది. అప్పుడు వాల్తర్ వాళ్ళు పీపీ కింది భాగం మీద పీపీకే స్లైడూ బ్యారెలూ ఎక్కించి పీపీకే/ఎస్ అని పేరు పెట్టి అమ్మారు. కాబట్టి పేరు చూస్తే పీపీకే/ఎస్ పీపీకేకి తమ్ముడిలా అనిపిస్తుంది గానీ, మ్యాగజైన్ దూరే పిడి మాత్రం అచ్చంగా పీపీదే. మ్యాగజైన్ విషయంలో పై నుంచి పిస్టల్ ఎంత పొడవున్నా సంబంధం లేదు, పిడి పొడవే ముఖ్యం. పాత మోడల్ పీపీ, దాని తర్వాత నలభై ఏళ్ళకి వచ్చిన పీపీకే/ఎస్ ఒకదాని మ్యాగజైన్ ఒకటి వాడుకుంటాయి, రెండేళ్ళ తేడాతో పుట్టిన పీపీ, పీపీకేలకి మాత్రం ఆ లెక్క కుదరదు. తలకిందులుగా, పీపీ మ్యాగజైన్‌ని పీపీకేలో పెడితే గాడి పడుతుంది, కాకపోతే కింద సెంటీమీటరు బయటికి వేలాడుతుంది, అది వేరే సంగతి.

చూడగానే ఏది ఏదో పోల్చుకునే గుర్తు ఇంకొకటి ఉంది. పీపీ, పీపీకే/ఎస్ పిడి వెనక భాగం ఇనుమే, చెక్కో ప్లాస్టిక్కో రెండు పలకలు చెరో పక్క బిగించి ఉంటాయి. పీపీకేకి వెనక ఇనుము ఉండదు, ప్లాస్టిక్ గ్రిప్ ఒకటే ముక్కగా వెనక నుంచి చుట్టుకుని వస్తుంది. అరచేతిలో వెనక చల్లటి ఇనుము తగిలితే మీకు కావాల్సింది పొడుగు మ్యాగజైన్.

డీలర్‌కి ఫోన్ చేసి చెప్పాను. వెనక్కి తీసుకోనన్నారు. "అడుగు పలక కాస్త రాపించి, గాడి కొంచెం కిందికి కోయించుకోండి, సరిపోతుంది" అన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. గాడి ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా తూటా రావాల్సిన ఎత్తుకి రాదు, ఒకటి పైకొస్తే ఇంకొకటి ఇరుక్కుంటుంది, మనిషి అవసరంలో ఉన్నప్పుడు అది ప్రాణానికే చేటు. డబ్బు పోతే పోయింది అనుకుని ఆ మ్యాగజైన్ పక్కన పెట్టేశాను.

రెండో ప్రయత్నం కొనకుండానే తేలింది, దానికి కారణం వన్‌టౌన్‌లో మా గన్‌స్మిత్. నాన్నగారి రోజుల నుంచి తెలిసిన లైసెన్సున్న మేస్త్రీ, వాళ్ళ నాన్న కూడా ఇదే పని చేసేవారట. ఇది ఆయన సర్వీసుకి కూడా రివ్యూ అనుకోండి. నాకు తెలిసిన ఒక లైసెన్సుదారు తన దగ్గర అదనంగా ఉన్న పీపీ మ్యాగజైన్ చూపిస్తానంటే, ఇద్దరం లైసెన్స్ పుస్తకాలతో మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. పొడవు సరిగ్గా సరిపోయింది. నా పిస్టల్‌లో పెడితే క్లిక్ మంది. నాకైతే పండగలా అనిపించింది. మేస్త్రీ మాత్రం కళ్ళజోడు పైకి జరుపుకుని, మ్యాగజైన్ పక్కకి తిప్పి, "ఏటి బాబూ, ముద్ర సూడలేదా, ఇది 9 కుర్జ్‌ది" అన్నారు.

అసలు మోసపోయేది ఇక్కడే. పీపీ ఒకే సైజులో ముఖ్యంగా రెండు బోర్లలో వచ్చింది, 7.65 అంటే మన .32, ఇంకొకటి 9 ఎంఎం కుర్జ్, అంటే .380. జర్మన్లో కుర్జ్ అంటే పొట్టి. మన దేశంలో మామూలుగా పౌరులకి ఇవ్వని నిషిద్ధ బోర్ 9 ఎంఎం ఇది కాదు, రెండూ వేరు. పిస్టల్ బయటికి ఒకటే, మ్యాగజైన్ గొట్టం బయటి కొలత ఒకటే కాబట్టి లోపలికి వెళ్ళి పట్టుకుంటుంది కూడా. కానీ పై అంచుల మధ్య సందు లావు తూటాకి తగ్గట్టు ఉంటుంది. మేస్త్రీ డమ్మీ .32 రౌండ్లు మూడు అందులో వేసి చూపించారు. రౌండ్ అంచుల కింద నిలకడగా లేదు, వేలితో తాకితే పక్కకి ఒరిగింది. మ్యాగజైన్ బోర్లించి అరచేతిలో మెల్లగా తట్టారు, పై రౌండ్ జారి కింద పడింది. "ఎక్కింది గదా అని ఇంటికి పట్టికెళ్ళిపోతే ఎలగ బాబూ" అన్నారు. పీపీకే మ్యాగజైన్ అసలు పట్టలేదు కాబట్టి తప్పని వెంటనే తెలిసింది, ఇది పట్టింది కాబట్టి ఇంకా ప్రమాదం. పొడవు చూశాక బోర్ ముద్ర చూడకుండా ఎవరూ డబ్బు తియ్యకండి.

మూడోది మన ఊరి డీలర్ ద్వారానే వచ్చింది, నాలుగు నెలలు చెప్పి ఉంచితే పాత సరుకులో తీశారు. పీపీకే/ఎస్ మ్యాగజైన్, 7.65 ముద్ర, మైనం కాగితంలో చుట్టి ఉంది, నూనె గట్టిపడి తేనెరంగులోకి వచ్చేసింది. ధర పద్నాలుగున్నర వేలు. ఎక్కువే, కాదనను. లైసెన్స్ పుస్తకం, యూఐఎన్ నంబర్ (లైసెన్సుదారు గుర్తింపు సంఖ్య) చూసి, రిజిస్టర్‌లో రాసుకుని, బిల్లు ఇచ్చారు. ఈసారి పిస్టల్ పెట్టెలో పెట్టుకుని వెంట తీసుకెళ్ళాను, కౌంటర్ దగ్గరే పెట్టి చూసుకున్నాను, అక్కడి నుంచి తిన్నగా మేస్త్రీ దగ్గరికి.

ఆయన పరీక్షించిన తీరు చూసి తీరాల్సిందే. ముందు పిస్టల్ ఖాళీ అని తేల్చుకున్నారు, మ్యాగజైన్ తీసి స్లైడ్ లాగి ఛాంబర్‌లో, అంటే పేలడానికి ముందు తూటా కూర్చునే గదిలో, చిటికెన వేలు పెట్టి మరీ. పీపీలో మ్యాగజైన్ తీసేసినా ఛాంబర్‌లో రౌండ్ ఉంటే ట్రిగ్గర్ నొక్కగానే పేలుతుంది, కొన్ని పిస్టళ్ళలో ఉండే అడ్డు దీనిలో లేదు. హ్యామర్ (వెనక ఉండే చిన్న సుత్తి) పైన చిన్న సూది లాంటిది బయటికి పొడుచుకుని ఉంటే లోపల రౌండ్ ఉన్నట్టు గుర్తు, అయినా వేలు పెట్టి చూడనిదే ఆయన నమ్మరు. తర్వాత మ్యాగజైన్ విప్పారు. గట్టిపడిన నూనె కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, స్ప్రింగుని నా పాత స్ప్రింగు పక్కన పెట్టి చూశారు, కొత్తది వేలెడు పొడుగు ఉంది, అంటే నా పాతది ఎంత అలిసిపోయిందో అర్థమైంది. లోపల నూనె ఎక్కువ రాయొద్దన్నారు, గుడ్డకి రాసి తుడిస్తే చాలట, లేకపోతే దుమ్ము పట్టి తూటాల మీదకి చేరుతుందట.

ఖాళీ మ్యాగజైన్ పెట్టి స్లైడ్ వెనక్కి లాగితే స్లైడ్ అక్కడే ఆగాలి. పీపీకి బయట స్లైడ్ వదిలే మీట ఉండదు, లోపలే ఉన్న స్టాప్‌ని మ్యాగజైన్‌లో తూటాలని పైకి నెట్టే పలక ఎత్తుతుంది. కాబట్టి స్లైడ్ ఆగిందంటే ఆ పలక ఎత్తు కూడా సరిపోయినట్టే. పదిసార్లు లాగారు, పదిసార్లూ ఆగింది. పిస్టల్ నిలువుగా పట్టుకుని బటన్ నొక్కితే మ్యాగజైన్ తనంతట తాను చేతిలోకి జారింది. తర్వాత ఎనిమిది డమ్మీలు నింపి ఒక్కొక్కటీ చేత్తో లాగి దింపారు. మూడోసారి ఐదో రౌండ్ దగ్గర కాస్త తటపటాయించింది, కుడి అంచు లోపలి వైపు చిన్న బొడిపె ఉందని చూసి సన్న రాయితో రెండు రుద్దులు రుద్దారు. అంతే, వంపు జోలికి పోలేదు, "వొంచితే దీని పని సరి" అన్నారు. మొత్తానికి ఎనిమిది వందలు తీసుకున్నారు. గంటన్నర పనికి అది చాలా తక్కువ అని నా అభిప్రాయం.

ఆ తర్వాత షూటింగ్ రేంజ్‌లో అనుమతి తీసుకుని మూడు మ్యాగజైన్ల నిండుగా, అంటే 24 రౌండ్లు కాల్చాను. ఒక్కటీ ఇరుక్కోలేదు. మూడుసార్లూ చివరి రౌండ్ తర్వాత స్లైడ్ వెనక్కి ఆగింది. డమ్మీలతో ఎన్ని పరీక్షలు చేసినా, నిజం రౌండ్లు కాల్చి చూడనిదే మ్యాగజైన్ సరిపోయిందని అనుకోకూడదు, స్లైడ్ చేత్తో లాగినప్పటి వేగానికీ పేలినప్పటి వేగానికీ పోలికే లేదు. లైసెన్సులో రాసిన తూటాల కోటాలోంచి కొన్ని దీనికి ఖర్చు పెట్టడం దండగ కాదు.

వాడకంలో తేడాలు రెండు కనిపించాయి. నా పాత పీపీ మ్యాగజైన్ అడుగు చదునుగా ఉండేది, దీనికి ముందు వైపు వేలు కొక్కెం ఉంది. నా చేతికి చిటికెన వేలు ఇదివరకు గాల్లో ఉండేది, ఇప్పుడు దానికి ఆనుడు దొరికింది, పట్టు బాగుంది. నాన్నగారికి మాత్రం నచ్చలేదు, పాత తోలు సంచిలో మ్యాగజైన్ జేబులోకి ఇది దూరడం లేదు. రెండో తేడా స్ప్రింగు బిగుతు, ఏడో రౌండు, ఎనిమిదో రౌండు నింపేటప్పుడు బొటనవేలు నొప్పెడుతుంది.

నింపేటప్పుడు ఒక్క జాగ్రత్త, ఇది ఏ .32 మ్యాగజైన్‌కైనా వర్తిస్తుంది. .32 తూటా అడుగు అంచు తూటా ఒళ్ళు కన్నా కొంచెం బయటికి పొడుచుకుని ఉంటుంది. పై తూటా అంచు ఎప్పుడూ కింది తూటా అంచుకి ముందు వైపు ఉండాలి. వెనక పడిందా, స్లైడ్ పై తూటాని ముందుకి తోసినప్పుడు రెండూ ఒకదానికొకటి కొక్కెం వేసుకుని బిగుసుకుపోతాయి, కొట్టినా కదలవు. ఒక్కో తూటా పెట్టాక వెనక్కి పూర్తిగా నొక్కి, మొత్తం నింపాక మ్యాగజైన్ వెనక వైపు అరచేతి మీద ఒకసారి తట్టి, వరుస చూసుకోవాలి. నాన్నగారు ఇది నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు డమ్మీలతో నేర్పారు.

ఆన్‌లైన్‌లో వెతికేవాళ్ళకి ఒక మాట. పీపీకే/ఎస్ అని కొడితే వచ్చే బొమ్మల్లో సగం మీకు పనికొచ్చేవి కావు. అదే పేరుతో ఉమరెక్స్ కంపెనీ తయారుచేసే .22 పిస్టల్ ఉంది, దాని మ్యాగజైన్‌కి 10 రౌండ్లు, దానికీ పాత పీపీకీ ఏ సంబంధమూ లేదు. అదే పేరుతో గ్యాస్ మీద పనిచేసే బొమ్మ లాంటి గాలి పిస్టల్ కూడా ఉంది. పేరూ బొమ్మా చూసి ఆశపడకండి, డబ్బు కట్టాక బాధపడాల్సి వస్తుంది. అదీగాక, ఆయుధం భాగాలు ఏవైనా లైసెన్సున్న డీలర్ దగ్గర బిల్లుతో తీసుకోవడమే క్షేమం, పార్సిల్‌లో పంపుతాం అన్నవాళ్ళని నమ్మొద్దు.

ఈ గొడవ ఒక్క వాల్తర్‌కే కాదు. మా కాలనీలో నేవీలో చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు, సర్వీసులో ఆయన వాడింది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసిన 9 ఎంఎం 1ఏ పిస్టల్, అంటే పాత బ్రౌనింగ్ హై పవర్ నమూనా, మ్యాగజైన్‌కి 13 తూటాలు. నా కథ విని ఆయన చెప్పారు, 2022లో బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ అదే హై పవర్ పేరుతో మళ్ళీ కొత్త పిస్టల్ తెచ్చిందని, దాని మ్యాగజైన్‌కి 17 తూటాలని, పాత మ్యాగజైన్ దానిలో పనిచెయ్యదని. అదే ఏడాదికి కాస్త అటూ ఇటూగా వేరే కంపెనీలు చేసిన నకళ్ళు మాత్రం పాత మ్యాగజైన్లే తీసుకుంటాయట. కన్న కంపెనీ కొత్తది తీసుకోదు, పరాయి కంపెనీది తీసుకుంటుంది. గ్లాక్ కంపెనీ పిస్టళ్ళలోనూ ఇలాంటిదే ఉంది, నాలుగో తరం నుంచి మ్యాగజైన్ బటన్ కుడివైపుకీ మార్చుకోవచ్చు, ఎడమచేతి వాటం వాళ్ళు అలా మార్చుకుంటే గాడి ఒకవైపే ఉన్న పాత మ్యాగజైన్ పట్టుకోదు, ఎడమవైపు ఉంచితే పట్టుకుంటుంది.

నిల్వ గురించి ఒక్క ముక్క, సముద్రం గాలి తగిలే ఇళ్ళలో ఉన్నవాళ్ళకి. మ్యాగజైన్‌ని తోలు సంచిలో ఉంచి మర్చిపోకండి, తోలు తేమ పీల్చుకుని ఇనుముకి అంటిస్తుంది. మేం ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, నూనె గుడ్డలో చుట్టి, రెండు సిలికా జెల్ సంచులు వేసి, పై లాకర్లో పెడుతున్నాం. వర్షాకాలంలో పదిహేను రోజులకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి తీసి తుడవడం. అడుగు పలక కింద, స్ప్రింగు మొదట్లో తుప్పు ముందు కనిపిస్తుంది, పైన మెరుస్తోంది కదా అని ఊరుకోకూడదు.

మార్కులు వెయ్యాలంటే, పీపీకే/ఎస్ 7.65 మ్యాగజైన్‌కి అయిదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ధరకీ, ఆ చిన్న బొడిపెకీ తగ్గించాను. మేస్త్రీ పనికి అయిదుకి అయిదు. పీపీకే మ్యాగజైన్‌కి మార్కులు తగ్గించను, అది మంచి వస్తువే, నా పిస్టల్‌కి కాదు, అంతే. మన జిల్లాలో పీపీకే ఉన్న లైసెన్సుదారు ఎవరైనా ఉంటే డీలర్ ద్వారా, కాగితాలతో, నేను కొన్న ధరకి తక్కువే ఇచ్చేస్తాను.

పని పూర్తయిన రోజు సాయంత్రం పిస్టల్ ఖాళీ చేసి నాన్నగారి చేతికి ఇచ్చాను. ఆయనకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. ఖాళీ మ్యాగజైన్ అందుకుని, తడుముకుంటూ పైకి తోశారు, క్లిక్ వినిపించాక ఆగి, మళ్ళీ బటన్ నొక్కి ఎడమచేత్తో పట్టుకుని, మళ్ళీ తోశారు. నాలుగైదుసార్లు అలాగే చేసి, "ఇది మనదానిదే" అన్నారు. రెండోది కూడా ఒకటి చూడమని డీలర్‌కి చెప్పమన్నారు. చెప్పాను. ముద్ర ఫోటో పంపితే వస్తానన్నాను, పిస్టల్‌తో సహా.